పోలిక వస్తోంది, ముఖంలో జీవం రావట్లేదు: చెయ్యి తిప్పడమే మందా, పాత బొమ్మలు చదవాలా?

పర్లా_చిత్రం
ఫోటో చూసి ఆయిల్‌లో మనుషుల బొమ్మలు వేస్తాను. గళ్లు గీసుకుంటాను కాబట్టి పోలికకి లోటు లేదు, చూసినవాళ్లు ఫలానా అని వెంటనే గుర్తుపడతారు. ఇబ్బందంతా ఆ తరవాతే. ముఖం సున్నం కొట్టినట్టు తేలిపోతుంది. నీడవైపు చెంప బూడిదరంగులోకి పోతుంది. పట్టుచీర వేస్తే నూలు చీరో పట్టు చీరో తెలీదు. ఆరేక చూస్తే కాన్వాసు ఒకచోట మెరుస్తుంది, పక్కనే మట్టిగా ఉంటుంది.

ఇప్పుడు బల్ల మీదున్నది 18కి 24 అంగుళాల కాన్వాసు. డెబ్బై ఏళ్ల ముసలావిడ, చామనఛాయ కంటే నలుపు, బరంపురం పట్టు కట్టుకుని కుర్చీలో కూర్చుంది.

ఎవరినడిగినా రెండే మాటలు. ‘ఇంకా వెయ్యి, అదే వస్తుంది’ అని కొందరు, ‘కళా చరిత్ర చదువు’ అని కొందరు. చదివితే ఏ ఉద్యమం తరవాత ఏది వచ్చిందో తెలిసింది గానీ కుంచె ఎటు తిప్పాలో తెలియలేదు. అసలా చరిత్ర చేతికి పనికొచ్చేదేనా, మాట్లాడుకోడానికేనా?

బరంపురం_బ్రష్
ముందు నాలుగు సంగతులు చెప్పండి. తెల్ల రంగు ఏది? పళ్లెం మీద ఎన్ని ట్యూబులు పిండుతున్నారు? ఏ దీపం కింద వేస్తున్నారు? ఫోటో ఎలాంటిది?

పర్లా_చిత్రం
టిటానియం వైట్. ట్యూబులు పద్నాలుగు. రాత్రిపూట పసుపు బల్బు కింద. ఫోటో సెల్‌ఫోన్‌లో దగ్గర నుంచి ఫ్లాష్ వేసి తీసింది, వాళ్ల మనవడు పంపేడు.

రాయగడ_రేఖ
రోగం నాలుగు ముక్కల్లో చెప్పేసేరు బాబూ. ఇంక మందు చీటీ రాయడమే తరువాయి.

బరంపురం_బ్రష్
ఒక్కోటీ చూద్దాం.

దీపం. పసుపు బల్బు కింద పళ్లెం మీద రంగులన్నీ వెచ్చగా కనిపిస్తాయి. ఎరుపు, పసుపు చాలినంత ఉన్నాయనుకుని మీరు తగ్గిస్తారు. తెల్లారి కిటికీ దగ్గర చూస్తే ముఖం చల్లగా, పాలిపోయి ఉంటుంది. 5000 కెల్విన్ ఎల్‌ఈడీ కొనండి, పెట్టె మీద సీఆర్ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 లేదా అంతకంటే ఎక్కువ అని ఉండాలి. ఆ వెలుగు కాన్వాసు మీదా పళ్లెం మీదా ఒకేలా పడాలి. పళ్లెం వెలుగులో, కాన్వాసు నీడలో ఉంటే కలిపిన రంగు ఒకటి, కనిపించే రంగు ఇంకొకటి.

పళ్లెం. తెల్ల పింగాణీ మీదో తెల్ల కాన్వాసు మీదో మొదటి రంగు పెడితే అది ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది. అమ్మో నల్లగా పోయిందని తెలుపు కలుపుతారు. ముఖం తేలిపోడానికి సగం కారణం అక్కడే ఉంది. అద్దం ముక్క తీసుకుని కింద గోధుమరంగు కాయితం పెట్టండి, అదే పళ్లెం. కాన్వాసుకి మట్టి గోధుమరంగు రా అంబర్‌ని టర్పెంటైన్‌లో పల్చగా కలిపి పూసి, పాత బనీను గుడ్డతో తుడిచేయండి. తెలుపుకీ మధ్య బూడిదకీ నడుమ రంగు మిగిలితే చాలు.

తెలుపు. టిటానియం చాలా బలమైన రంగు. చిటికెడు వేస్తే మిశ్రమం వెలగడమే కాదు, చల్లబడుతుంది, రంగు చచ్చిపోతుంది కూడా. చర్మాన్ని వెలిగించాలంటే ముందు మట్టి పసుపురంగు ఎల్లో ఓకర్‌తో పైకి తీసుకెళ్లి, తెలుపు చివర్లో కొద్దిగా వాడండి. నీడలోకి తెలుపు వెళ్లకూడదు. నీడ కుంచె వేరు, వెలుగు కుంచె వేరు పెట్టుకోండి.

ఇదంతా సరిచేసినా బూడిదరంగు మెట్లు కట్టకపోతే లాభం లేదు. తెలుపు నుంచి నలుపు దాకా తొమ్మిది గళ్లు. రెండు కొసలూ వేసి, సరిగ్గా మధ్యదైన 5వ గడిని కంటితో పట్టండి. సగం తెలుపు సగం నలుపు కలిపితే మధ్య రంగు వచ్చేయదు, రెండింటి బలం ఒకటి కాదు. తరవాత 3, 7, ఆ తరవాత మిగిలినవి. అయ్యేక ఫోన్‌లో నలుపు తెలుపు ఫోటో తీసి చూస్తే ఏ మెట్టు ఎగుడుదిగుడో కనిపిస్తుంది. ఆ అట్టముక్క ఎప్పుడూ పక్కనుండాలి. ఆవిడ చెంప ఏ గడికి సరిపోతుందో చూసుకున్నాకే రంగు కలపాలి.

బల్లార్షా_బొగ్గు
గీ రంగుల ముచ్చట తర్వాత పెట్టుకోండ్రి. ఫోటోల మీద గళ్లు గీసి దించినోనికి కండ్లతోటి కొలుసుడు రాదు. గళ్లు తీసేస్తే ఏమైతదో ఒకపారి చూడు అన్నా.

నా లెక్క ఏందంటే, ఆరు నెలలు బొగ్గు, కాయితం, అంతే. ఫ్రాన్స్ చిత్రకారుడు చార్లెస్ బార్గ్, ఇంకో చిత్రకారుడు జెరోమ్‌తోటి కలిసి 1866 నుంచి 1871 దాకా అచ్చేసిన డ్రాయింగ్ పాఠాలున్నయి, 197 పలకలు. వాన్ గో సుత వాటిని చూసి దించిండు. ఇంటర్‌నెట్ల ఉత్తగనే దొరుకుతయి. మొదట ప్లాస్టర్ పాదం, చెవి, ముక్కు. ఒక్కో పలక పక్కపక్కకి పెట్టి అదే సైజుల గియ్యాలె. మొదలు సక్కటి గీతలతోటి బయటి ఆకారం, ఆ తర్వాత నీడకూ వెలుగుకూ నడుమ సరిహద్దు ఒక్క గీత, ఆ తర్వాత నీడంతా ఒకే మట్టంల నింపుడు. లోపలి నున్నటి మార్పులు ఆఖరికి. మనోళ్లు ఏం జేస్తరు? కంటి రెప్ప నుంచి మొదలుపెడ్తరు.

జయపురం_జలరంగు
ఆరు నెలలు బొగ్గా? బొగ్గు నేర్పేది బొగ్గునే. వెచ్చన, చల్లన అనేది దాంట్లో ఉండదు. పర్లా బాబుకి గీత లోపం లేదు, రంగు లోపం. ట్యూబులు పద్నాలుగు నుంచి నాలుక్కి దించితే చాలు: ఎల్లో ఓకర్, కాడ్మియం రెడ్ లైట్, ఐవరీ బ్లాక్, తెలుపు. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరుతో చెప్పుకునే పళ్లెం ఇది. నలుపూ తెలుపూ కలిస్తే వచ్చే బూడిదరంగు, పక్కనున్న ఎరుపు పసుపుల వల్ల నీలంగా కనిపిస్తుంది. నలుపులో ఓకర్ కలిపితే ఆకుపచ్చ ఛాయ. ముసలావిడ ముఖానికి ఇంతకంటే అవసరం లేదు. చీర రంగుకి ఒక్క ట్యూబు అదనంగా తీసుకోవచ్చు.

బల్లార్షా_బొగ్గు
జలరంగాయన ఆయిల్ గురించి చెప్పవట్టె 😄

జయపురం_జలరంగు
పేరు పాతది, ఆయిల్ పాపం కొత్తది.

ఛత్రపురం_మాస్టారు
అసలు ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. చరిత్ర చేతికి పనికొస్తుందా? వస్తుంది, కాకపోతే సంవత్సరాల పట్టీగా చదివితే రాదు. ఆ మనిషి పళ్లెం మీద ఏముంది, మొదటి పూత ఏ రంగు, ఏది ఎండేక ఏది వేశాడు, ఇవాళ ఏది మారిపోయింది అని అడుగుతూ చూడాలి.

పర్లా బాబు సమస్యనే తీసుకోండి. రవివర్మ (1848–1906) వేసిన చర్మం ఎందుకు వెచ్చగా ఉంటుంది? ఆయన దగ్గర టిటానియం తెలుపు లేదు. అది రంగుగా బజారులోకి వచ్చింది ఆయన పోయేక, 1920 ప్రాంతంలో. అంతకు ముందు ఆయిల్‌కి ప్రధానమైన తెలుపు సీసపు తెలుపు. దాని బలం తక్కువ, ఛాయ కాస్త వెచ్చన, పల్చగా పూస్తే కిందిది కనిపిస్తుంది. మీరు టిటానియంతో అదే చర్మం దించాలని చూస్తే చెయ్యి ఎంత బాగున్నా సున్నమే వస్తుంది. సీసం విషం కాబట్టి ఇంట్లో వాడమని చెప్పను. టిటానియంలో రవ్వంత ఓకర్ ముందే కలిపి, ‘వెచ్చని తెలుపు’ ఒక కుప్ప చేసి పెట్టుకోండి. ముఖానికి అదే వాడండి.

ఇంకో ఉదాహరణ, డచ్ చిత్రకారుడు వెర్మీర్ ముత్యం పోగు పిల్ల, సుమారు 1665 నాటిది. అందరూ వెనక నల్లగా పూసి దించుతారు. 2018లో మారిట్స్‌హౌస్ మ్యూజియంలో దాన్ని పరీక్ష చేస్తే, వెనక ఉన్నది ఆకుపచ్చ తెర అని తేలింది. నల్లటి పూత మీద నీలిమందు, పసుపు మొక్క రంగు కలిపి పల్చగా పూశాడు, ఆ రెండూ కాలంతో పాడైపోయాయి. ముత్యానికి కొక్కెం కూడా లేదు, పైన ఒక తెల్ల మచ్చ, కింద కాలరు నుంచి వచ్చే మెత్తటి వెలుగు, అంతే. కాబట్టి పాత బొమ్మలో కనిపించే ప్రతి నలుపూ ఆ చిత్రకారుడు కోరుకున్నది కాదు.

చూసి దించేటప్పుడు బొమ్మకి ఒకే ప్రశ్న పెట్టుకోండి. ఫ్లాండర్స్ చిత్రకారుడు రూబెన్స్ అంతటివాడు 1628–29లో మాడ్రిడ్‌లో కూర్చుని తనకంటే ముందుతరం టిషియన్ బొమ్మలు దించేడు. అప్పటికి ఆయనకి యాభై దాటింది, యూరప్ అంతా పేరుంది. ‘అంచులు మాత్రమే చూస్తాను’ అనుకుంటే 8కి 10 అంగుళాల అట్ట మీద గోధుమరంగు ఒక్కటే వాడి దించండి. ‘వెలుగు ఎంతమేర ఉంది’ అనుకుంటే అరచేయంత కాయితం మీద మూడు మెట్లలో కుదించండి. మొత్తం బొమ్మని యథాతథంగా దించాలంటే నెలలు పడుతుంది, నేర్చుకునేది అందులో కొంతే.

రాయగడ_రేఖ
మాస్టారూ, రవివర్మ అనగానే జనం క్యాలెండరు ముందేసుకుని దించుతారు. అదీ ప్రమాదం. 1894లో పెట్టిన ఆయన ప్రెస్సు నుంచి వచ్చినవి రాతి అచ్చులు, ఒక్కో రంగుకి ఒక్కో రాయి. ఆ చర్మం రంగు అచ్చు పనివాళ్లది, కుంచెది కాదు. క్యాలెండరు చూసి ‘రవివర్మ పద్ధతి’ నేర్చుకుంటే బుగ్గకి గులాబీ, కంటికి నల్లగీత, అదే మిగుల్తుంది.

ఛత్రపురం_మాస్టారు
ఒప్పుకున్నా. అసలు బొమ్మ ముందు నిలబడాలి. హైదరాబాద్ సాలార్‌జంగ్‌లో రవివర్మా ఉన్నాడు, యూరప్ ఆయిల్ చిత్రాలూ ఉన్నాయి. అంత దూరం వద్దనుకుంటే రైలెక్కి రాజమండ్రిలో దిగండి, దామెర్ల రామారావు (1897–1925) బొమ్మలు గోదావరి ఒడ్డు దగ్గర గ్యాలరీలో ఉన్నాయి. బొంబాయి జేజే స్కూల్లో చదివినవాడు, ముప్ఫై నిండకుండానే పోయాడు. బొమ్మకి పక్కగా, అద్దంలో వెలుగు మెరిసేలా నిలబడి చూస్తే రంగు ఎక్కడ మందమో ఎక్కడ పల్చనో తెలుస్తుంది. ఫోటోలో ఆ సంగతి ఏ జన్మకీ తెలీదు.

బల్లార్షా_బొగ్గు
మాకైతే బొంబాయి బండి ఉన్నది. శివాజీ మహరాజ్ మ్యూజియంల టాటాలిచ్చిన యూరప్ బొమ్మలున్నయి.

మ్యూజియం దాకా పోలేనోళ్లు ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం సైటు చూడుండ్రి. రెంబ్రాంట్ నైట్ వాచ్ (1642) ఫోటో 717 గిగాపిక్సెల్, 2022ల పెట్టిండ్రు. జూమ్ చేస్తే రంగు పగుళ్లు సుత కనబడ్తయి. వెలుగు పడ్డ కాడ రంగు గుట్టలెక్క, నీడల కాడ పల్చగ పూసిండు. గదొక్కటి పట్టుకుంటే మస్తు.

తంపర_తెరచాప
మనకి సొంత సరుకు లేనట్టు అందరూ ఆమ్‌స్టర్‌డామ్ పోతున్నారు. గంజాం జిల్లా బుగుడలో బిరంచినారాయణ గుడి గోడల మీద రామాయణం ఉంది. బట్ట మీద వేసే మన ఒడిశా పాత పద్ధతి బొమ్మ, పట్టచిత్రం, వేసే ఇళ్లున్నాయి. వాటి సంగతో?

రాయగడ_రేఖ
పట్టచిత్రం గీతకి గొప్పది, కానీ పర్లా బాబు అడిగింది చెంప మీద నీడ. పట్టచిత్రంలో నీడే ఉండదు.

తంపర_తెరచాప
నీడ లేదు కాబట్టే గీత మొత్తం భారం మోస్తుంది. ముక్కు, గడ్డం ఒక్క పోటుతో తిరగాలి, దిద్దడానికి ఉండదు. ముఖం పక్కవాటు గీత రాని మనిషి ఎన్ని మెట్లు కట్టినా ముఖం నిలబడదు.

ఇంకా చూడాల్సింది ఆ బట్ట తయారీ. నూలు గుడ్డకి చింతగింజల జిగురు, సుద్దపొడి పట్టించి, ఎండేక రాయితో నున్నగా రుద్దుతారు. తెలుపు శంఖం నుంచి, ఎరుపు ఇంగిలీకం (పాదరసం ఖనిజం) నుంచి, పసుపు హరితాళం (ఆర్సెనిక్ ఖనిజం) నుంచి, నలుపు దీపం మసి నుంచి, జిగురు వెలగ బంకతో. ఏ పూత కింద ఏ పూత ఉంటే బొమ్మ నిలుస్తుందో తెలిసినవాళ్లు. ఇంగిలీకం, హరితాళం రెండూ విషమే, ఇంట్లో నూరొద్దు.

ఛత్రపురం_మాస్టారు
తెరచాప మాటలో పస ఉంది. నీడ మనకి అసలు తెలీదనుకోవడమూ తప్పే. అజంతా మొదటి గుహ పద్మపాణి ముఖం చూడండి. ముక్కు దూలం మీదా గడ్డం మీదా వెలుగు మచ్చలు, చుట్టూ ముదురు ఛాయ. పాత సంస్కృత గ్రంథం విష్ణుధర్మోత్తరంలోని చిత్రసూత్రం ఈ ఛాయ వేయడాన్ని వర్తన అంటుంది. మూడు రకాలు చెప్పింది: ఆకు ఈనెల్లాంటి గీతలతో పత్రజం, మెత్తగా కలిసిపోయే ఐరికం, చుక్కలతో బిందుజం. బొమ్మలో దూరానికి అవయవాలు కుదించుకోవడాన్ని క్షయవృద్ధి అంది. అయితే అజంతా నీడ ఒక దీపం నుంచి పడిన నీడ కాదు, ఆకారం గుండ్రంగా కనిపించడానికి వేసింది. కిటికీ పక్కన కూర్చున్న ముసలావిడకి అది నేరుగా అతకదు.

పర్లా_చిత్రం
చాలా వచ్చింది. రెండు అడుగుతాను. నల్లటి చర్మానికి రంగు ఎలగ మొదలెట్టాలి? వీడియోలన్నీ తెల్లవాళ్లకే చెప్తాయి. పట్టుచీర గురించి ఎవరైనా చెప్పండి.

బరంపురం_బ్రష్
నల్లటి చర్మానికి మొదలు ఇది: బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమరంగు) మూడు పాళ్లు, ఎల్లో ఓకర్ రెండు, వెచ్చని తెలుపు ఒకటి, అల్ట్రామెరైన్ నీలం కుంచె కొసకి అంటినంత. ఇది చర్మం మధ్య ఛాయ. నీడకి తెలుపు తీసేసి బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ రెండే, సియెన్నా పైచెయ్యిగా. అలగైతే నీడ ముదురుగా ఉంటుంది, బూడిదపడదు.

అసలు తేడా మెరుపులో ఉంది. నల్లటి చర్మం మెరుపు చిన్నది, పదునైనది, చల్లనిది. కిటికీ వెలుగులో అది దాదాపు నీలం తిరిగిన బూడిదరంగు. నుదురు, ముక్కు కొస, కింది పెదవి, చెంప ఎముక, ఈ నాలుగు చోట్ల మధ్య ఛాయకంటే మూడు మెట్లు పైకి వెళ్లండి, మిగతా అంతా కింద ఉంచండి. ముఖమంతా వెలిగించి ‘తెల్లగా’ చూపించాలని ఇంటివాళ్లు ఒత్తిడి పెడతారు. అక్కడ లొంగితే ఆవిడ పోలికే పోతుంది.

ఇంకోటి, నుదురు కాస్త పసుపు, చెంప, ముక్కు, చెవి కాస్త ఎరుపు, నోటి చుట్టూ కాస్త బూడిద. ఒకే మిశ్రమంతో ముఖమంతా పూస్తే బొమ్మ మాస్కు అయిపోతుంది.

జయపురం_జలరంగు
అల్ట్రామెరైన్ కూడా అక్కర్లేదు, ఐవరీ బ్లాక్ చాలు.

బరంపురం_బ్రష్
చాలదు. ఐవరీ బ్లాక్‌తో నీడ చదునుగా వస్తుంది, ఆరడమూ ఆలస్యం. ముఖానికి వద్దు.

జయపురం_జలరంగు
జోర్న్ వేసినవి చూసి మాట్లాడండి.

బరంపురం_బ్రష్
చూసే అన్నాను. ఆయన ఎదురుగా ఉన్నది స్వీడన్ చర్మం.

పట్టు_వీధి
చీర సంగతి నేను చెప్తాను. ముందు ఆ చీర నేత చూడండి. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు అయితే మడత తిరిగేచోట రంగు మారుతుంది. ఎరుపు పడుగు, నలుపు పేక అనుకోండి. వెలుగు వైపు తిరిగిన వాలు మీద ఎరుపు ఎక్కువ, పక్కకి తిరిగిన వాలు మీద నలుపు కలిసిన ఊదా. చాలామంది ఒకే ఎరుపు తీసుకుని తెలుపు కలిపి వెలుగు, నలుపు కలిపి నీడ చేస్తారు. అది నూలు చీర. వెలుగుకి ఎరుపులోకి కాడ్మియం రెడ్ లైట్, ఓకర్ వెళ్లాలి, నీడకి అల్ట్రామెరైన్.

పట్టు మెరుపు మడత శిఖరం పొడుగునా సన్నగా పరుగెత్తుతుంది, మధ్యలో రెండు మూడు చోట్ల తెగుతుంది. నూలుకి వెలుగు నుంచి నీడకి మార్పు నిదానంగా వస్తుంది, పట్టుకి అర అంగుళంలోనే మూడు మెట్లు దిగిపోతుంది. కాబట్టి మెత్తని కుంచెతో కలిపేయకండి. ఫ్లాట్ కుంచె, ఒక దెబ్బ, ఎత్తేయండి.

బరంపురం పట్టు అంచులో కుంభం, అంటే గుడి గోపురంలా పైకి లేచే కోసుల వరస, మడతలోకి దిగి ఇవతలకి వస్తుంది. ఒక్కో కోసుని విడివిడిగా గీసి అందంగా నింపితే చీర అట్ట అయిపోతుంది. మడత ముందు వేసి, కోసులు ఎక్కడ దాక్కుంటాయో అక్కడ మింగేయండి. ముందుకొచ్చిన మడత మీద రెండు కోసులు స్పష్టంగా ఉంటే చాలు, మిగతావాటిని కన్నే పూరిస్తుంది.

జరీకి పసుపు పూయొద్దు. కింద రా అంబర్, ఓకర్ కలిపిన ముదురు గోధుమ. దాని మీద ఓకర్, జరీ వెడల్పు కంటే సన్నగా. ఆఖరికి లెమన్ ఎల్లో, తెలుపు మందంగా కలిపి, వెలుగు నేరుగా తగిలే రెండు మూడు చోట్ల చుక్క. నీడలో ఉన్న జరీ ఆకుపచ్చ తిరిగిన గోధుమరంగు. అంచు పొడుగునా చుక్కలు పెట్టారో, బొమ్మ చూసేవాళ్ల కన్ను ముఖం మీద ఆగదు.

రాయగడ_రేఖ
అక్కా, ‘మింగేయండి’ దగ్గర చప్పట్లు కొట్టేశాను.

బల్లార్షా_బొగ్గు
అక్క ఒక్కామె సక్కగ చెప్పింది. బొమ్మ ఏసేటప్పుడు అక్కరకొచ్చే సంగతి.

పర్లా_చిత్రం
మెరుపు, మట్టి మచ్చల సంగతి మిగిలింది. హార్డ్‌వేర్ షాపులో దొరికే డబల్ బాయిల్డ్ లిన్సీడ్ (అవిసె నూనె) వాడుతున్నాను.

తంపర_తెరచాప
అది తలుపులకి 😂 కొబ్బరినూనె కలపలేదు కదా? అదైతే పదేళ్లకైనా ఆరదు.

బరంపురం_బ్రష్
నవ్వులాట కాదు. ఆ డబ్బాలో నూనెకి తొందరగా ఆరే మందులు కలుపుతారు, రంగు తొందరగా నల్లబడుతుంది. చిత్రకారుల లిన్సీడ్ వేరు, చిన్న సీసా కొనండి. పల్చన చేయడానికి హార్డ్‌వేర్‌లో అమ్మే మినరల్ టర్పెంటైన్, అంటే ఎంటీవో, పర్వాలేదు, అది పెట్రోలు సరుకు. కానీ వార్నిష్ చేసే డామర్ బంక దాంట్లో సరిగ్గా కరగదు, వార్నిష్‌కి అది వాడొద్దు.

మట్టి మచ్చ ఎందుకంటే, కింది పూత పై పూతలోని నూనెని పీల్చేసుకుంది. గెస్సో (కాన్వాసుకి అడుగున పూసే తెల్ల పూత) ఎక్కువ పీల్చేదైనా, అంబర్ పూతలో టర్పెంటైన్ ఎక్కువైనా అలగే అవుతుంది. ముట్టుకుంటే ఆరిందనిపించాక, ఆ మచ్చ మీద లిన్సీడ్ రెండు చుక్కలు వేలితో సన్నగా రుద్ది, పది నిమిషాలాగి గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. తుడవకుండా వదిలేస్తే తర్వాత పసుపుబారుతుంది. రంగు మళ్లీ ముదురుగా కనిపిస్తుంది, అప్పుడు దాని మీద పని చేయండి. లేకపోతే మట్టి మచ్చని సరిచేస్తున్నాననుకుని ముదురు రంగు పులిమేస్తారు.

పూతల వరస మరవద్దు. మొదటి పూతలో టర్పెంటైన్ ఎక్కువ, నూనె తక్కువ. పైకి వచ్చేకొద్దీ నూనె కొంచెం పెరగాలి. తలకిందులైతే పై పూత ముందు గట్టిపడి, కిందది ఇంకా కదులుతూ పగుళ్లు వస్తాయి.

ఛత్రపురం_మాస్టారు
ఆ పగుళ్లకి ఉదాహరణ కావాలంటే ఇంగ్లండ్ చిత్రకారుడు జాషువా రెనాల్డ్స్ (1723–1792) చాలు. తారు లాంటి గోధుమరంగు వాడితే పగిలింది, వెలిసిపోయే ఎరుపు వాడితే ముఖాలు పాలిపోయాయి. బతికుండగానే ఆయన బొమ్మల మీద హేళనలు వచ్చాయి.

మీ ట్యూబు మీద, లోపల ఏ రంగుపొడి ఉందో చెప్పే కోడ్ చూడండి. పీఆర్ 83 అంటే అలిజరిన్ క్రిమ్సన్, 1868లో కృత్రిమంగా చేసింది, వెలుగుకి వెలుస్తుంది. పెదవులకి అది వద్దు, పీవీ 19 గానీ పీఆర్ 177 గానీ తీసుకోండి. తెలుపు ట్యూబు మీద పీడబ్ల్యూ 6 ఒక్కటే ఉంటే టిటానియం. పక్కన పీడబ్ల్యూ 4 ఉంటే జింక్ కలిసింది. జింక్ నూనెతో కలిసి కాలక్రమంలో పెళుసెక్కుతుంది, కింది పూతల్లో ఉంటే పైవి ఊడిపోయే ప్రమాదం.

జయపురం_జలరంగు
ఫోటో సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫ్లాష్ వల్ల నీడ ముఖం మీంచి వెనక్కి పోయి గోడ మీద పడుతుంది, అంటే ముఖంలో చదువుకోడానికి ఏమీ లేదు. పైగా ఫోన్ మెయిన్ కెమెరా 24–26 ఎంఎం వెడల్పు కటకం. అరమీటరు నుంచి తీస్తే ముక్కు పెద్దది, చెవులు వెనక్కి. ఆవిడని కిటికీ పక్కన, ఒకవైపు వెలుగు పడేలా కూర్చోబెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగి రెండు రెట్ల జూమ్‌తో మళ్లీ తీయమనండి. రెండు ఫోటోలు, ఒకటి వెలుగు చూసేటట్టు, ఇంకోటి నీడ తెలిసేటట్టు. ఒక్క ఫోటో రెండూ ఇవ్వదు.

ఫోటోలో అంచులన్నీ ఒకేలా పదునుగా ఉంటాయి. మీరు మార్చాలి. ఒక కన్ను దగ్గర పదును, ముక్కు వెలుగువైపు అంచు పదును, జుట్టు నేపథ్యంలోకి పోయేచోట అసలు గీతే వద్దు. కళ్లు సగం మూసి చూస్తే ఏది ముందు కరిగిపోతుందో అక్కడ అంచు మెత్తన.

పర్లా_చిత్రం
ఆ మనవడు బరంపురంలోనే ఉంటాడు, మళ్లీ తీసి పంపుతానన్నాడు. ఈ వానాకాలంలో ఎంతకి ఆరుతుంది?

బరంపురం_బ్రష్
నూనె ఆరడం అంటే నీళ్లు ఇగరడం కాదు, గాలిలో ప్రాణవాయువు తీసుకుని గట్టిపడటం. అంబర్ పూత రెండు మూడు రోజుల్లో ముట్టుకోవచ్చు, అందులోని మాంగనీసు తొందరపెడుతుంది. టిటానియం, ఐవరీ బ్లాక్ వారం దాటుతాయి, తేమ ఉంటే ఇంకా. గాలీ వెలుతురూ తగిలే గదిలో ఉంచండి, చీకటి పెట్టెలో పెడితే పసుపెక్కుతుంది. కాన్వాసు గోడకి ఆనించకండి, వెనక నాలుగు మూలలా సెంటీమీటరు మందం కార్క్ ముక్కలు అంటించండి, లేకపోతే బూజు.

బల్లార్షా_బొగ్గు
మా దగ్గర మే నెలల 45 డిగ్రీలు దాటుతది, వానల బాధ లేదు. గని అవిసె నూనె అంటిన గుడ్డలు ఉండచుట్టి మూలకు పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటయి. నీళ్ల డబ్బాల ముంచుండ్రి, లేకుంటే తీగ మీద విప్పి ఆరేయుండ్రి. అది మరవకుండ్రి.

పర్లా_చిత్రం
వార్నిష్ ఎప్పుడు?

ఛత్రపురం_మాస్టారు
ఆరు నెలల నుంచి ఏడాది, మందంగా వేసిన చోట్లని బట్టి. ముందు దూదిపుల్లకి ఎంటీవో అద్ది, బొమ్మ మూల మీద నల్లటి పూతలో మెల్లగా రుద్దండి. దూదికి రంగు అంటితే ఇంకా ఆగాలి. మరీ తొందరైతే రీటచ్ వార్నిష్ (అసలు వార్నిష్ వేసేదాకా తాత్కాలికంగా వేసేది) ఒక్క పూత పల్చగా కొట్టి ఇవ్వండి.